గాలి తగ్గేదాకా



ఈ వారం ఎదురుచూడడం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఎదురుచూడడం గురించి ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా అని మీరు నవ్వుకుంటారేమో! పాలవాడి కోసం, కుళాయి కోసం, గ్యాసు బండ కోసం, ఆఫీసు నుంచి రావలసిన మనిషి కోసం చూస్తూ సగం జీవితం గడిపేవాళ్ళమే గదా మనం. నిజమే. కాని నేను చెప్పబోయేది వేరే రకం ఎదురుచూపు. పెద్ద సరస్సు ఒడ్డున పడవ సిద్ధంగా ఉంటుంది. మూటలు ఎక్కించేసి ఉంటారు. పిల్లలు అన్నానికి మారాం చేస్తుంటారు. పడవ నడిపే ఆయన మాత్రం ఆకాశం వంక, నీళ్ళ వంక చూసి "ఇప్పుడు కాదమ్మా" అంటాడు. ఇక అందరూ కూర్చోవలసిందే. గాలి రావాలని కాదు, గాలి పోవాలని.

మాది బోథ్. అడవి, గుట్టలు, పత్తిచేలు ఉన్న ఊరు. మాకు సముద్రం లేదు, చెప్పుకోదగ్గ సరస్సూ లేదు. కాని ఈ ఎదురుచూపు మాకు బాగా తెలుసు. వానలు పట్టినంక మా దిక్కు ప్రతి వాగూ ఒక గోడలా లేచి నిలబడుతుంది. పొచ్చెర, కుంటాల జలపాతాలు చూడడానికి వచ్చే పట్నంవాళ్ళకు ఆ నీళ్ళు అందంగా కనబడతాయి. వాగు అవతలి గూడెంలో నెలలు నిండిన కోడలు ఉన్న అత్తకు మాత్రం ఆ నీళ్ళు వేరే విధంగా కనబడతాయి. "వాగు ఇంకా దిగలే, అక్కా" అనే మాట జూలై, ఆగస్టు నెలల్లో మా అంగట్లో రోజూ వినబడేదే. తెలివైనవాళ్ళు కాన్పు తేదీ దగ్గర పడకముందే పిల్లను వాగు ఇవతల చుట్టాల ఇంట్లో దింపి పోతారు.

వాగుకూ సరస్సుకూ ఒక తేడా ఉంది. వాగు తన కోపాన్ని దాచుకోదు. ఎర్రగా, చప్పుడు చేస్తూ వస్తుంది. పైన వాన ఆగితే కొన్ని గంటల్లో దిగిపోతుంది. సరస్సు అట్లా కాదు. పొద్దున్నే చూస్తే అద్దంలా ఉంటుంది. దాటవచ్చులే అనిపిస్తుంది. మధ్యలోకి వెళ్ళినాక గాలి మారితే వెనక్కీ రాలేము, ముందుకూ పోలేము. అందుకనే సరస్సు ఒడ్డువాళ్ళ ఎదురుచూపులో మా వాగు ఒడ్డువాళ్ళ ఎదురుచూపుకన్నా ఎక్కువ విద్య ఉంది. కళ్ళముందు ప్రశాంతంగా ఉన్న నీటిని నమ్మకుండా కూర్చోవడం సామాన్యమైన విషయం కాదు.

మన తెలుగుదేశంలో ఈ విద్య నేర్చుకోవలసి వచ్చినవాళ్ళు ముఖ్యంగా పులికాట్ సరస్సు దీవులవాళ్ళు. పాతరోజుల్లో ఆ సరస్సును 'ప్రళయకావేరి' అనేవారు. పేరులోనే ప్రళయం ఉంది చూడండి! నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన, మద్రాసుకు ఉత్తరాన ఉంటుంది. 2022లో జిల్లాలు మారిన తర్వాత సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. దేశంలో ఉప్పునీటి సరస్సులలో చిలికా తర్వాత ఇదే పెద్దది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. నీరు నిండుగా ఉన్నప్పుడు సుమారు 450 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది, తగ్గినప్పుడు సుమారు 250 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. ఆరణి, కాళంగి నదులు దీనిలోకి తీపినీళ్ళు తెస్తాయి, సముద్రం ఉప్పునీళ్ళు తోస్తుంది. సరస్సుకూ సముద్రానికీ నడుమ అడ్డుకట్టలా పడుకున్న పొడుగాటి దీవి శ్రీహరికోట. నీళ్ళ మధ్యలో ఇరకం, వేనాడు వంటి దీవులున్నాయి.

ఇంత పెద్ద సరస్సు ఎంత లోతుంటుందనుకుంటున్నారు? చాలాచోట్ల మనిషి నడుమెత్తు! సగటున ఒక మీటరు అని చెబుతారు. అంత తక్కువ లోతుకు భయమెందుకు అని మీకు అనిపించవచ్చు. భయపడవలసింది అక్కడే. మీ వంటింట్లోనే చూడండి. చెంబు నిండా నీళ్ళు పోసి ఊదితే పైన కాస్త చలిస్తాయి అంతే. అదే నీటిని వెడల్పాటి పళ్ళెంలో పోసి ఊదండి, ఒకవైపు నుంచి మరోవైపు పరుగెత్తి అంచు దాటి ఒలుకుతాయి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న సరస్సులో గాలికి అడ్డు ఉండదు. అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. ఒక అల నుంచి పడవ తేరుకోకముందే రెండోది వచ్చి కొడుతుంది. పైగా అడుగున బురద. నిలబడదామని కాలు మోపితే దిగబడిపోతుంది. పడవ బోర్లపడితే కింద చిక్కుకుపోయేవాళ్ళకు లోతుతో పని లేదు.

సముద్రతీరంలో గాలికి ఒక దినచర్య ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది. అప్పుడు సముద్రం మీది చల్లటి గాలి లోపలికి తోసుకు వస్తుంది. అందుకే ఆ ప్రాంతాలవాళ్ళు దాటవలసిన పని ఉంటే తెల్లవారుజామునే దాటుతారు. మధ్యాహ్నం దాటితే పైరగాలి బలపడుతుంది. మీకు చల్లగా హాయిగా ఉండే ఆ గాలే చిన్న పడవకు పగ. ఇది రోజువారీ లెక్క. సంవత్సరపు లెక్క వేరు. మా ఆదిలాబాదుకు వానలు జూన్‌లో వస్తే వాళ్ళకు అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. తుపానులూ ఆ రోజుల్లోనే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను నెల్లూరు జిల్లాను అల్లాడించింది. అటువంటి రోజుల్లో దీవిలో ఉన్నవాళ్ళు దీవిలోనే, ఒడ్డున ఉన్నవాళ్ళు ఒడ్డునే. బియ్యం, కిరసనాయిలు, మందులు, అన్నీ ముందే తెచ్చి పెట్టుకోవాలి. మనం ఆవకాయ జాడీలు నింపుకున్నట్టు వాళ్ళు గాలి రోజులకు ఇల్లు నింపుకోవాలి.

ఈ తుపాను రోజుల సంగతి పెద్దపెద్ద ఓడలవాళ్ళకూ తెలుసు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు కోట జెండాను అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా దించేసేవారు. ఆ రెండు నెలలూ ఈ తీరంలో లంగరు వేయడం మీ ప్రాణాల మీదికి వస్తుంది అని ఓడలకు చెప్పడం అది. అప్పటి మద్రాసుకు రేవుగోడలు లేవు. అంతకుముందే పులికాట్‌లో దిగి, 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్న డచ్చివారి ఓడలైనా రుతువు చూసుకునే వచ్చేవి, రుతువు చూసుకునే వెళ్ళేవి. పులికాట్ రుమాళ్ళు దేశదేశాలకు వెళ్ళాయని చరిత్ర పుస్తకాలు గొప్పగా రాస్తాయి. ఆ రుమాళ్ళు నేసిన ఇళ్ళలో ఓడ కదిలేదాకా, డబ్బు చేతికొచ్చేదాకా పొయ్యి ఎట్లా వెలిగిందో ఏ పుస్తకమూ రాయదు.

పొయ్యి అన్నాను గనుక ఇంకో సంగతి. వంటగ్యాసు, కిరసనాయిలు స్టవ్వులు రాకముందు మద్రాసు మహానగరంలో లక్షల పొయ్యిలు కట్టెలతోనే వెలిగేవి. ఆ కట్టెల్లో పెద్ద భాగం శ్రీహరికోట అడవుల నుంచి వచ్చేది. ఎట్లా వచ్చేది? పడవల మీద. బకింగుహాము కాలువ పేరు మీరు వినే ఉంటారు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన ఉప్పునీటి కాలువ అది. తర్వాత ఉత్తరానికి పులికాట్ సరస్సు గుండా పెరుగుతూ మన పెద్దగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు అయింది. 1876-78 నాటి మహా కరువులో మద్రాసులోని కూవం, అడయారు నదులను కలిపే ముక్కను కరువుపనిగా తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు పెట్టారు. కరువుపనులలో తట్టలు మోసినవారిలో ఆడవాళ్ళు ఎంతోమంది. వాళ్ళ పేర్లు పెట్టడానికి కాలువ ఒక్కటి సరిపోదనుకోండి!

కాలువలో పడవ ప్రయాణం నిదానమైనదే గాని నిశ్చింతగా ఉండేది. గట్టుమీద నడుస్తూ మనుషులు పడవను తాడుతో లాగుతారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతారు. గట్టుంది కాబట్టి గాలి ఎదురైనా ఏదో విధంగా నడుస్తుంది. కాలువ వదిలి విశాలమైన సరస్సులోకి వచ్చేసరికి సంగతి మారిపోతుంది. గట్టు లేని నీటి నడుమ తాడు లాగేదెవరు? వెదురుగడ వేసి నెట్టాలి, లేదా తెరచాపను నమ్ముకోవాలి. ఎదురుగాలి వీస్తే గడవేసేవాడి రెక్కలు విరుగుతాయి గాని పడవ కదలదు. పక్కగాలి వీస్తే కట్టెల మోపులతో ఎత్తుగా ఉన్న పడవ ఒరిగిపోతుంది. కాబట్టి సరస్సు మొదట్లో ఆగాలి. పడవలోనే పొయ్యి పెట్టుకుని, వండుకుని తిని, రాత్రి అక్కడే పడుకుని తెల్లవారుజామున చూసుకోవాలి. కాలువ తవ్విన ఇంజనీరు నీటిని పట్టగలిగాడు గాని గాలిని పట్టలేకపోయాడు.

ఇటువంటి ఆగడాల సంగతి మన పాతవాళ్ళలో రాసిపెట్టినవారు అరుదు. ఒక్క ఏనుగుల వీరాస్వామయ్యగారిని మాత్రం చెప్పుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. హైదరాబాదు నుంచి నాగపూరు దారి పట్టి ఉత్తరాదికి వెళ్ళారు. అంటే మా జిల్లా మీదుగా పోయే తొవ్వనే! మే నెలలో బయలుదేరారు గనుక వానాకాలమంతా దారిలోనే గడిచింది. పల్లకీలు, బోయీలు, సామాను బళ్ళతో నదులూ వాగులూ దాటుకుంటూ మజిలీ మజిలీకి రాసుకుంటూ పోయారు. గంగమీద పడవ ప్రయాణమూ చేశారు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే ఒక్కటి తెలుస్తుంది. ఆ కాలంలో ప్రయాణమంటే నడవడం సగం, ఆగడం సగం.

రైలు వచ్చాక ఈ పరిస్థితి మారింది. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి పూర్తయింది. సరస్సుకు పడమటి ఒడ్డున సూళ్ళూరుపేట, తడ మీదుగా రైలు పరుగెత్తింది. నెల్లూరు నుంచి మద్రాసుకు పోయే వకీలు, విద్యార్థి, పెళ్ళివారు ఇక గాలి మొహం చూడనక్కరలేదు. కాలువ పడవలకు కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల వంటి సరుకులే మిగిలాయి. తర్వాత రోడ్లు, లారీలు వచ్చి అవీ తగ్గిపోయాయి. కాలువ పూడుకుపోయింది. చరిత్రలో దీన్ని ప్రగతి అంటారు. కాదనను. కాని చూడండి, రైలు కిటికీలోంచి సరస్సును చూసి ఎంత అందంగా ఉందో అనుకున్న ఇల్లాలికి, ఆ నీళ్ళ మధ్యలో ఇరకం దీవిలో ఇంకో ఇల్లాలు ఉందనీ, ఆమెకు రైలు వచ్చినా రాకపోయినా ఒకటేననీ తోచే అవకాశం లేదు. అదివరకు అందరూ ఆగేవాళ్ళు. దొరగారైనా, కట్టెలమ్మేవాడైనా ఒకే ఒడ్డున ఆగవలసిందే. రైలు తర్వాత దీవివాళ్ళే ఆగారు. అందరికీ ఉన్న కష్టానికి ఓర్పుగా అయినా తోడు దొరుకుతుంది. కొందరికే మిగిలిన కష్టం ఇతరుల కంటికి కనబడదు.

రెండో మార్పు 1969లో మొదలైంది. రాకెట్లు వదలడానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మధ్యగా దీవిలోకి రోడ్డు వేశారు. ఒకప్పుడు పడవ కోసం పొద్దంతా కాచుకున్న చోట ఇప్పుడు కారులో అరగంట ప్రయాణం. రోడ్డు వచ్చిందన్న సంతోషం ఆ దీవిలో పుట్టినవాళ్ళకు మాత్రం దక్కలేదు. తరతరాలుగా శ్రీహరికోట అడవిలో తేనె, మూలికలు, చేపలతో బతికిన యానాదులు, ఇతర ఊళ్ళవాళ్ళు కేంద్రానికి చోటిచ్చి బయటికి రావలసి వచ్చింది. దారి పడేనాటికి దారి నడవవలసినవాళ్ళు అక్కడ లేరు.

ఒక తమాషా చెప్పనా? ఆ రాకెట్లు కూడా వాతావరణం చూసుకునే ఎగరాలి! పైన గాలులు ఎట్లా ఉన్నాయి, మెరుపులున్నాయా, తుపాను వస్తోందా అని బెలూన్లు వదిలి, రాడార్లు తిప్పి కొలుస్తారు. బాగులేకపోతే వాయిదా వేస్తారు. మహామహా శాస్త్రజ్ఞులు అట్లా ఆగితే మనం జాగ్రత్త అంటాం. అదే సరస్సుకు ఇంకోవైపు పడవవాడు వేలు నీటిలో ముంచి, మబ్బు వంక చూసి "రేపు పోదాం" అంటే బద్ధకం అంటాం.

ఇరకం దీవికి ఇప్పటికీ భీమునివారిపాలెం రేవు నుంచి పడవే దిక్కు. పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ, సూదివేసే నర్సమ్మ, ఎన్నికలప్పుడు ఓట్ల పెట్టెలు మోసే సిబ్బంది, అందరూ పడవెక్కవలసిందే. మోటారు వచ్చింది గాని పడవ చిన్నదే. గాలి ఒక్కటే కాదు, ఇంకో చిక్కు కూడా ఉంది. వేసవిలో సరస్సు ఉత్తరపు భాగం చాలా మేరకు ఎండిపోతుంది. నీళ్ళు చాలక పడవ బురదలో కూర్చుంటుంది. బురదలో నడవాలంటే మోకాలు దిగబడుతుంది. అంటే వానాకాలంలో గాలి తగ్గాలని, ఎండాకాలంలో నీళ్ళు రావాలని చూడాలన్నమాట. సముద్రపు నోటి దగ్గర ఇసుక మేట వేస్తే ఆ వచ్చే నీళ్ళూ రావు. ఫ్లెమింగోలనే రాజహంసలను చూడడానికి జనవరిలో ఆ ప్రాంతానికి వెళ్ళే మీవంటి వారు ఒక్కసారి రేవు దగ్గరా ఆగి చూస్తే బాగుంటుంది. నా మటుకు నాకు ఆ పక్షులకన్నా, నెత్తిన బిందె, చంకన బిడ్డతో ఊగే పడవలోకి తొణక్కుండా అడుగుపెట్టే ఆడది గొప్పగా కనిపిస్తుంది.

పెద్ద సరస్సులు దాటడంలో ఆడవాళ్ళ సంగతి వచ్చింది గనుక చిలికా సరస్సుకు వెళ్దాం. మనకు పరాయిదేమీ కాదు. గంజాం జిల్లా 1936 దాకా మన మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. పూరీ జగన్నాథుని చూడబోయే తెలుగువాళ్ళ దారి చిలికా పక్కనుంచే. పులికాట్‌కు రెండింతలు పైగా ఉంటుంది. ఆ నీళ్ళ మధ్య ఒక చిన్న దీవిలో కాళిజాయి అమ్మవారి గుడి ఉంది. స్థానికులు చెప్పుకునే కథ ఇది. జాయి అనే పిల్లకు సరస్సు అవతలి దీవిలో పెళ్ళి సంబంధం కుదిరింది. తండ్రి ఆమెను పడవలో అత్తవారింటికి తీసుకుపోతున్నాడు. నడిమధ్యలో గాలివాన వచ్చింది. పడవ తలకిందులైంది. తండ్రి, పడవవాళ్ళు బతికారు. జాయి దొరకలేదు. ఆ రోజు నుంచి చీకటి పడ్డాక ఆ దీవి దగ్గర ఆమె గొంతు వినిపించేదట. పడవవాళ్ళు ఆమెకు గుడి కట్టారు. ఇప్పటికీ మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర. చిలికాలో పడవ నడిపేవాడు ఆమెకు దండం పెట్టకుండా పోడు.

కథే, కాదనను. కాని కొత్త పెళ్ళికూతురిని గాలి రోజున ఎందుకు ఎక్కించారు? ముహూర్తం! ఆ ఒక్క మాటలో మనకు అర్థమవుతుంది. కథలో ఆ మాట చెప్పరు, అది నా ఊహ. మగపెళ్ళివారు అవతల కూర్చుని ఉంటారు, వంటలు అయిపోయి ఉంటాయి. ఇంకో రోజు ఆగుదామని అనగలిగే ధైర్యం ఆడపిల్ల తండ్రికి ఎక్కడిది?

అదే చిలికా పక్కన 1803 సెప్టెంబరులో ఇంగ్లీషు సైన్యం గంజాం నుంచి బయలుదేరి మాణిక్‌పట్నం దగ్గర నీళ్ళు దాటి పూరీ చేరింది. ఒరిస్సా కోస్తా మరాఠాల చేతిలోంచి కంపెనీ చేతికి పోయింది. ఏ తేదీన ఎక్కడున్నారో, దారి చూపినవాడెవడో, అతనికి బహుమానం ఏమిచ్చారో, అన్నీ కాగితాలమీద ఉన్నాయి. జాయి ఏ సంవత్సరంలో మునిగిందో ఎక్కడా లేదు. దాటి గెలిచినవాళ్ళకు తేదీలు దక్కాయి, దాటలేక పోయిన పిల్లకు గుడి దక్కింది.

ఇవన్నీ పాతకాలపు సంగతులని తేల్చేయకండి. ఈమధ్య కాలపువి మూడు చెబుతాను. మనసు కష్టపెట్టుకోకుండా వినండి.

2011 డిసెంబరు 25. క్రిస్మస్ సెలవు. పులికాట్ సరస్సు తమిళనాడు వైపు, విహారానికి వెళ్ళిన కుటుంబాల పడవ బోర్లపడి 22 మంది పోయారు. చిన్న పడవలో పరిమితికి మించి ఎక్కారు.

2017 నవంబరు 12. కార్తికమాసం. విజయవాడ దగ్గర కృష్ణా గోదావరులు కలిసేచోట ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద సాయంకాలం పడవ మునిగి ఇరవైమందికి పైగా పోయారు.

2019 సెప్టెంబరు 15. పాపికొండలు చూడబోయిన లాంచీ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నదికి వరద వచ్చి ఉంది. 77 మంది ఎక్కితే 26 మందే బయటపడ్డారు. మన తెలంగాణా నుంచి, హైదరాబాదు, వరంగల్లు ప్రాంతాల నుంచి వెళ్ళినవారు వాళ్ళలో చాలామంది. నెల గడిచాక గాని ఆ లాంచీని పైకి తీయలేకపోయారు.

కావాలంటే పాత క్యాలెండరు తిరగేసి చూడండి. మూడూ ఆదివారాలే. నాకు ఇది కాకతాళీయం అనిపించదు. ఆదివారం వెళ్ళినవాడు సోమవారం ఆఫీసులో ఉండాలి, పిల్లలు బడిలో ఉండాలి. టిక్కెట్టు ముందే కొనేశాం, హోటలుకు డబ్బు కట్టేశాం. ఒక్క రోజు ఆగడానికి మనకు వీలు లేదు. పడవవాడికీ వారానికి నాలుగు డబ్బులు వచ్చేది ఆ ఒక్కరోజే. "గాలిగా ఉంది, వద్దు" అన్నాడంటే ఎక్కేవాళ్ళు పక్క పడవ చూసుకుంటారు. అనుమతులు, తనిఖీలు, లైఫ్‌జాకెట్లు అన్నీ ఉండవలసిందే. ఆ విషయంలో అధికారులను అడగవలసిందే. కాని ఇరకం దీవి ముసలమ్మకు ఉన్న ఒక హక్కు పట్నంవాళ్ళం మనం పోగొట్టుకున్నాం. ఆగే హక్కు. ఆమెకు వారం తెలియదు, గాలి తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. నాగార్జునసాగరులో విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలు పోతాయి. అదీ సరస్సే గదా, మనం కట్టుకున్న సరస్సు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాది వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. నల్లమల గుట్టల మధ్య గాలి సుడి తిరిగితే లాంచీలు ఆపేస్తారు. మేము వెళ్ళినప్పుడూ ఒక పూట ఆపారు. బాంబే నుంచి వచ్చిన మా ఆడపడుచు, "ఏం వదినా, ఇంత దూరం వచ్చి ఒడ్డున కూర్చోడానికా?" అని సణిగింది. అక్కడున్న పెద్దాయన ఒకరు టీ గ్లాసు చేతిలో పెట్టి, "నీళ్ళు ఎక్కడికీ పోవమ్మా, కొండా ఎక్కడికీ పోదు. గాలే పోవాలి" అన్నాడు. నాలుగు గంటలు కూర్చున్నాం. మూటలు విప్పి పులిహోర తిన్నాం. ఆడపడుచుకు చరిత్ర చెప్పడానికి నాకు అంతకన్నా మంచి సమయం దొరకదు గదా!

ఏం చెప్పానంటారా? ఆ నీళ్ళ కింద విజయపురి ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని. 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖవాళ్ళు ఆ లోయనంతా తవ్వి, మునిగిపోయేలోగా ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపు అనే చోటికీ తరలించారు. చుట్టూ నీళ్ళు చేరాక కొండ దీవి అయింది. అక్కడి శాసనాల్లో రాజులకన్నా ఎక్కువగా వినిపించేవి ఆడవాళ్ళ పేర్లు. అక్కడి మహాచైత్యం కట్టించింది చాంతిసిరి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడనే రాజుకు చెల్లెలు. ఆయన కొడుకు వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారూ ఆమే. మన మేనరికాలు ఈనాటివి కావు చూశారా! మేనల్లుడు రాజ్యానికి వచ్చిన ఆరో ఏట ఆమె ఆ పని పూర్తిచేయించి, రాతిస్తంభాలమీద తన పేరు చెక్కించుకుంది. బోధిసిరి అనే మరో ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువులకోసం చైత్యగృహం కట్టించింది. సింహళం నుంచి వచ్చారంటే వాళ్ళూ ఏ రేవులోనో గాలి కోసం కాచుకునే వచ్చి ఉంటారు. తెరచాప ఓడల కాలంలో రుతుపవనం తిరిగితే గాని రావడమూ లేదు, పోవడమూ లేదు.

మా ఆడపడుచు సణగడం మానేసి, "అత్తగారు కట్టించిందా? అయితే చూసే పోదాం" అంది.

మూడు గంటల ప్రాంతంలో గాలి నెమ్మదించింది. లాంచీ సరంగు కూత వేశాడు. అందరూ పరుగెత్తారు. మేము చివరికి ఎక్కాం, చోటు మాత్రం కిటికీ పక్కన దొరికింది. ఇక మీరు వెళ్ళదలిస్తే పొద్దున మొదటి లాంచీకే వెళ్ళండి. గాలి లేవకముందే కొండ చేరతారు, మ్యూజియమూ నిదానంగా చూడవచ్చు. శుక్రవారం మూసి ఉంటుంది, కనుక్కుని బయలుదేరండి. సెలవు.